వ్రతానికి ముందు పాత వెండి రూపాయిలు మార్చుతున్నారా?

శ్రావణం వస్తే చాలు, బీరువా అడుగున ఉన్న పాత వెండి బయటికొస్తుంది. వరలక్ష్మీ వ్రతానికి కొత్త కలశమో, కుందులో తీసుకుందామని అమ్మమ్మల నాటి రూపాయి బిళ్లలు మూటకట్టి షాపుకు వెళ్తాం. ఆ మూటను ఒకే లాటుగా కాటాలో పోయనివ్వకండి.

ఇంట్లోనే వేరు చేసుకోండి. విక్టోరియా రాణి, ఏడో ఎడ్వర్డు, గడ్డం ఉన్న ఐదో జార్జి రూపాయిలు ఒక కుప్ప. వీటిలో వెండి 91.7 శాతం. గడ్డం లేనాయన ఆరో జార్జి. ఆయన బొమ్మ కనిపిస్తే వెనక్కి తిప్పి సంవత్సరం చూడాలి. యుద్ధకాలంలో వెండికి కటకట వచ్చి, 1940 నుంచి 1945 దాకా సగం వెండే వేశారు. మిగతాది 40 శాతం రాగి, 5 నికెల్, 5 జింకు. బరువు మాత్రం అదే 11.66 గ్రాములు, పాత లెక్కలో సరిగ్గా తులం. మొదటి రకంలో 10.69 గ్రాముల వెండి ఉంటే దీనిలో 5.83 గ్రాములే. అన్నీ కలిపి తూస్తే మంచి బిళ్లలకూ సగం వెండి రేటే కట్టే ప్రమాదం ఉంది. 1947 నాటి పులి బొమ్మ రూపాయి అసలు వెండే కాదు, నికెల్. అయస్కాంతానికి అంటుకుంటుంది.

తెలంగాణ ఇళ్లలో నిజాం చార్మినార్ రూపాయిలూ ఉంటాయి. పాతవాటిలో 81.8 శాతం, 1940లలో కొట్టినవాటిలో సగం. వాటి మీద ఉండేది హిజ్రీ సంవత్సరం. చదవడం వచ్చినవాళ్లకు చూపించండి.

బిళ్ల అరిగి సంవత్సరం కనపడకపోతే, రెండు దశాంశాలు చూపే చిన్న కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. బిళ్లను దారంతో కట్టి, అడుగు తగలకుండా ముంచండి. బిళ్ల బరువును ఆ రీడింగుతో భాగిస్తే 10.3 దగ్గర వచ్చిందా, మంచి వెండి. 9.5 దగ్గరైతే సగం వెండి. గీటురాయి మీద గీసి చెప్పే మాటను ఒక్కదాన్నే పట్టుకోవద్దు. రాగి ఎక్కువున్న బిళ్లను యాసిడ్‌లో కడిగితే పైపొరలో రాగి పోయి వెండి మిగులుతుంది, గీత తెల్లగానే పడుతుంది.

స్వతంత్రం తర్వాతి పది రూపాయల వెండి నాణేల్లో సైజు చూసి మోసపోకండి. 1969 గాంధీ నాణెం 15 గ్రాములు, 80 శాతం వెండి. 1972 నాటిది 22.5 గ్రాములున్నా సగమే వెండి. లెక్కేస్తే చిన్నదాంట్లోనే వెండి ఎక్కువ.

చింతపండుతో తోమి మెరిపించకండి. సేకరించేవాళ్లు తోమిన నాణేనికి ధర తగ్గిస్తారు. తరుగు ఎంత తీస్తారో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

అమెరికాలో ఉన్న అమ్మాయికి విక్టోరియా బిళ్ల పంపాలనుకుంటే ఆగండి. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు.