108లో కొత్తగా సూపర్‌వైజర్ అయినవారు ముందుగా చక్కదిద్దాల్సిన పనులు

నిన్నటిదాకా అంబులెన్స్ బండిలో తిరిగిన ఈఎంటీకి (రోగిని చూసుకునే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్‌కు) పది బండ్ల బాధ్యత అప్పజెబితే, ముందుగా చేతికి వచ్చేది రెస్పాన్స్ టైమ్ షీటు, అంటే కాల్ వచ్చాక బండి ఎంతసేపట్లో చేరిందో చూపే లెక్క. పైవాళ్లు అడిగేది అదే కాబట్టి కొత్త సూపర్‌వైజర్ దాని చుట్టూనే తిరుగుతుంటారు. ఆ అంకెల వెనక షిఫ్ట్ మారేటప్పుడు ఎవరూ చూడని సిలిండర్ ఉండొచ్చు, క్యాజువాలిటీలో ఇరుక్కుపోయిన స్ట్రెచర్ ఉండొచ్చు, రెండు రాత్రులు నిద్రలేని పైలట్ (బండి నడిపేవారు) ఉండొచ్చు. ముందు వీటిని పట్టుకోండి.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైంది. బండిలో ఉండేది ఈఎంటీ, పైలట్, ఇద్దరే. కేసు దగ్గర మీరు ఉండరు. మీ పెత్తనమంతా కేసుకు ముందు, కేసు తర్వాత.

షిఫ్ట్ మారే పావుగంట

దిగే జట్టు, ఎక్కే జట్టు కనీసం పదిహేను నిమిషాలు ఒకేచోట ఉండాలి. చెక్‌లిస్టులో టిక్కులు తీసేయించి, అంకెలు రాయించండి. టిక్కు కళ్లు మూసుకుని పెట్టొచ్చు. "ఆక్సిజన్ 110" అని రాయాలంటే మాత్రం మీటరు చూడక తప్పదు.

ఆక్సిజన్ లెక్క ప్రతి ఈఎంటీకీ నోటికి రావాలి. బి టైప్ సిలిండర్ నీటి కొలత సుమారు 10 లీటర్లు. మీటరు 150 బార్ చూపితే 10×150, అంటే 1500 లీటర్ల ఆక్సిజన్. ఎక్కువ ఆక్సిజన్ అందించే నాన్‌రీబ్రీదర్ మాస్కుతో నిమిషానికి 15 లీటర్లు పెడితే 100 నిమిషాలు వస్తుంది. అదే ముల్లు 50 దగ్గరుంటే 500 లీటర్లే, అరగంట పైచిలుకు. ఏజెన్సీ ఊరి నుంచి ఏరియా ఆస్పత్రికి గంటన్నర దారి ఉన్న బండి ఆ సిలిండర్‌తో బయల్దేరకూడదు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. వాల్వు మూసి ఉన్నా, రెగ్యులేటర్లో చిక్కుకున్న గాలి వల్ల ముల్లు పైనే నిలబడి ఉంటుంది. అందుకే వాల్వు తెరిచి చదవాలి. తర్వాత ఫ్లో మీటరు ఆపి, వాల్వు మూసి, ఒక నిమిషం చూడాలి. ముల్లు దిగుతుంటే వాషర్ దగ్గరో జాయింట్ దగ్గరో లీకు ఉన్నట్టే.

రోగి నోట్లో, గొంతులో చేరిన ద్రవాలను లాగే సక్షన్ మెషిన్‌ని "పనిచేస్తోంది" అని రాయనివ్వకండి. ట్యూబు మడిచి పట్టుకుంటే నాలుగు సెకన్లలో గేజి 300 ఎంఎం దాటాలి. దాటకపోతే ముందు జాడీ మూత సరిగా కూర్చుందో లేదో చూసి, ఆ తర్వాత బ్యాటరీ చూడండి. చేత్తో నొక్కి శ్వాస ఇచ్చే అంబూ బ్యాగు మూతి అరచేత్తో మూసి నొక్కితే గట్టిగా ఎదురు తన్నాలి. పిల్లల బ్యాగులో మాత్రం ఒత్తిడి ఎక్కువైతే తెరుచుకునే పాప్‌ఆఫ్ వాల్వు నుంచి కాస్త గాలి పోవడం సహజమే. మే నెల ఎండలో నిలబెట్టిన బండిలో షుగర్ స్ట్రిప్పులు పాడై తప్పు అంకె చూపిస్తాయి కాబట్టి డబ్బా మూత, ఎక్స్‌పైరీ, బండి నిలిపే నీడ మూడూ అడగండి. కాన్పు కిట్టు సీలు విప్పి ఉంటే మళ్లీ మూసి పెట్టకుండా కొత్తది వేయించండి.

వయసు ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది

పైలట్‌కు నలభై అయిదేళ్లు, ఈఎంటీకి ఇరవై నాలుగు ఉండే బండ్లు చాలా ఉంటాయి. "అన్నా" అని పిలిచే మనిషికి పని చెప్పడానికి చిన్నవాళ్లకు నోరు రాదు. ఈఎంటీ అమ్మాయి అయితే ఇంకా కష్టం. దీన్ని వాళ్లకే వదిలేయడం సూపర్‌వైజర్లు చేసే పెద్ద తప్పు అని మా అభిప్రాయం. ఇద్దరినీ కూర్చోబెట్టి హద్దులు మీరే చెప్పండి. రోగి విషయంలో మాట ఈఎంటీది. బండి వేగం, దారి, ఎక్కడ ఆపాలన్నది పైలట్‌ది. ప్రమాదం కనిపిస్తే "ఆగుదాం" అనే హక్కు ఇద్దరిదీ, ఆ మాట విన్నాక రెండోవాళ్లు ఆగి తీరాలి.

పిలుపు మార్చక్కర్లేదు, పని చెప్పే తీరు మారితే చాలు. "ఎవరైనా బీపీ చూడండి" అంటే ఎవరూ చూడరు. "అన్నా, బీపీ చూడు" అనగానే "చూస్తున్నా" అని జవాబు రావాలి, తర్వాత "తొంభై బై అరవై" అని అంకె రావాలి. చెప్పింది తిరిగి వినిపించేదాకా పని జరిగినట్టు లెక్క కాదు. మందు డోసు దగ్గర ఈ పద్ధతిని అస్సలు సడలించకండి.

కేసు దగ్గరికి వెళ్లే దారిలోనే పనులు పంచుకోవాలి. గుండె ఆగిందన్న కాల్ అయితే పైలట్ ఛాతీ నొక్కుతారు, ఈఎంటీ ఏఈడీ (గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) ప్యాడ్లు అతికించి బ్యాగు పడతారు. పెద్దవాళ్లకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకు 2 శ్వాసలు, రెండు నిమిషాలకోసారి చేతులు మారాలి. అలసిపోలేదని ఎవరు చెప్పినా మారాల్సిందే, ఎందుకంటే తాను నొక్కే లోతు తగ్గిపోవడం నొక్కే మనిషికి తెలియదు. బంధువులు "ముందు బండెక్కించండి" అని అరుస్తారు. కదిలే బండిలో సరిగ్గా నొక్కడం కుదరదు, పైగా నిలబడి నొక్కే ఈఎంటీ పడిపోతారు. కాబట్టి మొదటి కొన్ని విడతలు అక్కడే చేసి, కాల్ సెంటర్ డాక్టర్‌తో మాట్లాడి కదలాలి. బంధువులకు ఏం చెప్పాలో ముందే నేర్పండి: "ఇప్పుడు గుండెను నడిపిస్తున్నది మా చేతులే. ఇక్కడ ఆపితే దారిలో ఏమీ మిగలదు." చనిపోయారన్న మాట మాత్రం డాక్టరే చెప్పాలి, ఈఎంటీ నోట రాకూడదు.

జనం కోపంగా ఉన్నప్పుడు

బండిని వచ్చిన దారినే వెనక్కి తీయగలిగేలా, మూతి బయటికి పెట్టి ఆపాలి. తాళం పైలట్ దగ్గరే ఉండాలి. ఆలస్యమైందని తిడితే వాదించకుండా "ఆలస్యమైంది, నిజమే. ఇప్పుడు మనిషిని చూద్దాం" అనాలి. లోపల ఒక్క అటెండెంట్ చాలు. చేయి లేస్తే జట్టు బండిలోకి వెళ్లి డోర్లు వేసుకుని పోలీసులకు చెప్పాలి. ఆ తర్వాత ఫిర్యాదు మీ పేరుతో ఇవ్వండి, దెబ్బ తిన్నవాళ్లను ఒంటరిగా స్టేషన్‌కు పంపకండి.

క్యాజువాలిటీ గుమ్మం

అప్పగింత అర నిమిషంలో, ఒకే వరసలో జరగాలి: ఏం జరిగింది, ఏ గాయాలు, అంకెలు, ఏం చేశాం. ఉదాహరణకు: "నలభై ఏళ్ల మగమనిషి, అరగంట కింద బైక్ స్కిడ్, హెల్మెట్ లేదు. తలకు గాయం, కుడి తొడ విరిగినట్టుంది. జీసీఎస్ 13, పల్స్ 118, బీపీ 100 బై 60, ఆక్సిజన్ లేకుండా 91, ఇప్పుడు 96. కాలర్, స్ప్లింట్ వేశాం, సెలైన్ నడుస్తోంది." (జీసీఎస్ అంటే స్పృహ స్థాయి కొలత; 91, 96 అన్నవి రక్తంలో ఆక్సిజన్ శాతం.) ఇది చెప్పేటప్పుడు డాక్టర్ చూపు రోగి మీదో చేతిలో కాగితం మీదో ఉంటుంది కాబట్టి అంకెలున్న పీసీఆర్ (రోగి వివరాలు రాసే కేసు షీటు) కాపీ కూడా చేతికివ్వాలి.

బెడ్ లేక స్ట్రెచర్ ఆగిపోతే ఈఎంటీని డ్యూటీ డాక్టర్‌తో తగవుకు దింపకండి. పది నిమిషాలు దాటితే ఫోన్ మీకు రావాలి, మీరు ఆస్పత్రి ఆర్‌ఎంవోతో (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్‌తో) మాట్లాడాలి. ఈ నంబర్లు గొడవ వచ్చాక వెతికితే దొరకవు, కొత్తగా చేరిన వారంలోనే వెళ్లి కలిసి రండి. ప్రైవేటు ఆస్పత్రి తీసుకోనంటే, ఎమర్జెన్సీలో ప్రాణం నిలిపే వైద్యం ముందు చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పిందని గుర్తుచేయండి. టైము, నిరాకరించినవారి హోదా పీసీఆర్‌లో రాయించండి.

చెడ్డ కేసు తర్వాత

పసిబిడ్డ పోయిన కేసు, తెలిసినవాళ్ల యాక్సిడెంట్ లాంటివి అయ్యాక వెంటనే ఇంకో కాల్ ఇవ్వకుండా, బండి కడిగే టైమును వాడుకోండి. ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు: ఏం జరిగింది, ఏది బాగా కుదిరింది, వచ్చేసారి ఏం మార్చాలి. తప్పెవరిదన్న విచారణ ఆ పూట వద్దు. మనసులో మాట బలవంతంగా చెప్పించకండి, దానివల్ల మేలు జరగదు. మూడు రోజుల తర్వాత మీరే ఫోన్ చేసి నిద్ర పడుతోందా అని అడగండి. పట్టడం లేదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు.

రోస్టర్

పన్నెండు గంటల రాత్రి డ్యూటీలో తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య పైలట్ కన్ను మూతపడేది సెకన్లే. ఆ సెకన్లలోనే బండి ముందున్న లారీని వెనకనుంచి గుద్దుతుంది. కాల్ లేనప్పుడు ఇరవై నిమిషాల కునుకును నేరంగా చూడకండి, లేచాక ముఖం కడుక్కుని పది నిమిషాలు ఆగి స్టీరింగ్ పట్టమనండి. అసలు చిక్కు సెలవులతో వస్తుంది. ఒకరు రాకపోతే రాత్రి చేసినవాళ్లనే పగలూ ఉంచేస్తారు, మొహమాటానికి వాళ్లూ ఒప్పుకుంటారు. ప్రతి నాలుగైదు బండ్లకు ఒక రిలీవర్ పేరు ముందే రాసి పెట్టుకోండి. రిలీవర్ కూడా దొరకని రోజు బండిని ఆఫ్‌రోడ్ (ఆ రోజు సేవలో లేదు) అని రాయించండి. కారణం దగ్గర మెకానికల్ ప్రాబ్లమ్ అని రాయకండి, పైలట్ లేరు అనే రాయండి. అలా రాస్తేనే నెలాఖరు రిపోర్టులో ఖాళీ పోస్టు పైవాళ్ల కంటబడుతుంది.