జన్యుశాస్త్రవేత్త జీవితాన్ని వ్యాసంగా రాయడం ఎలా: లాల్‌జీ సింగ్ ఉదాహరణ

జన్యుశాస్త్రవేత్త గురించి పరిచయ వ్యాసం రాయదలచినవారు పదవుల, పురస్కారాల పట్టికను ముందుగా పక్కన పెట్టాలి. ఆ వ్యక్తి ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్న ప్రశ్న ఏమిటో గుర్తించి, కథను దాని వెంట నడిపించాలి. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీకి డైరెక్టర్‌గా పనిచేసిన లాల్‌జీ సింగ్ జీవితం ఈ పద్ధతికి చక్కగా ఒదుగుతుంది.

ఆయన 1947లో ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో జన్మించారన్న సమాచారానికి ఒక వాక్యం చాలు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోములపై చేసిన పరిశోధన దగ్గర మాత్రం తప్పక ఆగాలి. చాలా పాము జాతుల్లో మగదానికి రెండు జడ్ లింగ క్రోమోజోములు ఉంటే, ఆడదానికి ఒక జడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. ఈ తేడాను ముందే వివరించకపోతే, ఎడింబరోలో పనిచేస్తున్నప్పుడు ఆయన ఆడ కట్లపాము నుంచి వేరుచేసిన డీఎన్ఏ భాగం డబ్ల్యూ క్రోమోజోము మీద ఎక్కువగా గుమిగూడి ఉండటంలోని విశేషం పాఠకుడికి అందదు. బీకేఎం అని పిలిచే ఆ భాగంలో జి, ఎ, టి, ఎ అనే నాలుగు అక్షరాల వరుస పదేపదే వస్తుంది. అటువంటి వరుసలు మన డీఎన్ఏలోనూ ఉన్నాయి. అవి ఎన్నిసార్లు పునరావృతమవుతాయన్నది మనిషి మనిషికీ మారుతుంది. 1987లో సీసీఎంబీకి వచ్చిన తరువాత ఆయన ఆ పాము డీఎన్ఏనే ప్రోబ్‌గా, అంటే తనకు సరిపోలే వరుసలను వెతికి పట్టుకునే డీఎన్ఏ ముక్కగా వాడి, మనుషులను గుర్తించే డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని రూపొందించారు. నా అభిప్రాయంలో వ్యాసంలో సగభాగం ఈ మలుపుకే కేటాయించాలి.

ఘనతను పంచేటప్పుడు జాగ్రత్త అవసరం. డీఎన్ఏ వేలిముద్రలను ప్రపంచంలో మొదట కనుగొన్నది 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్. సింగ్ చేసింది మన దేశంలో సొంత ప్రోబ్‌తో దానిని సాధించి, న్యాయస్థానం ముందుకు తీసుకువెళ్లడం. ఇలా చెప్పినంత మాత్రాన ఆయన స్థాయి తగ్గదు. పితృత్వ వివాదాన్ని ఉదాహరణగా తీసుకుని, బిడ్డ డీఎన్ఏ పరీక్షా చిత్రంలో గీతలా కనిపించే ప్రతి పట్టీ తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని రావలసిందేనని వివరిస్తే, ఆ సాక్ష్యానికి బలం ఎక్కడిదో చదివేవారికి సులువుగా బోధపడుతుంది.

డీఎన్ఏ వేలిముద్రల పరీక్షలు చేసే సంస్థ సీడీఎఫ్‌డీ స్థాపన, బనారస్ విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవి, 2017లో మరణం వంటి వివరాలను క్లుప్తంగా ముగించవచ్చు. భారతీయుల జన్యు మూలాలపై 2009లో వెలువడిన పరిశోధనను ప్రస్తావిస్తే, తంగరాజ్, డేవిడ్ రైక్ వంటి సహ పరిశోధకుల పేర్లూ చేర్చాలి. రాత పూర్తయ్యాక బీకేఎం పేరాను పదో తరగతి విద్యార్థి చేత చదివించి, ఆ బిడ్డ దానిని తన మాటల్లో చెప్పలేకపోతే ఆ పేరాను మళ్లీ రాయాలి.