కొత్త ఇంట్లో మండువా పెట్టుకోవడం ఎలా?

కోనసీమ చూసొచ్చిన వాళ్లకి ఇల్లు కడితే మండువా లోగిలే కట్టాలనిపిస్తుంది. అంటే నడుమ పైకప్పు లేని వాకిలి (అదే మండువా), దాని చుట్టూ వసారా, గదులు ఉన్న ఇల్లు. తీరా కట్టేటప్పుడు ఎలివేషన్‌కి రెండు చెక్క స్తంభాలు, నాలుగు వరసల బెంగళూరు పెంకు అతికించి సరిపెట్టుకుంటారు. లోపలికెళ్తే మామూలు డ్యూప్లెక్సే. పెంకు లేకపోయినా ఫర్వాలేదు గానీ నడుమ ఆకాశం కనబడాలి. 30×60 అడుగుల, అంటే 200 గజాల స్థలంలో కూడా ఇది కుదురుతుంది.

ముందు టేపు పట్టుకుని ఒక పాత మండువా ఇంటికి వెళ్లండి. ఫొటోలు చాలవు. మండువా నేల వసారా కన్నా ఎంత పల్లంలో ఉంది, చూరు ఎంత ముందుకొచ్చింది, తూము ఎటు పోతోంది, మిట్టమధ్యాహ్నం ఎండ ఎక్కడిదాకా వస్తోంది, ఇవన్నీ రాసుకోండి. ఆ ఇంట్లో పెద్దావిడ ఉంటే వానాకాలం సంగతులు అడగండి. ఏ ప్లానులోనూ ఉండనివి చెబుతారు.

తర్వాత ప్లాను. చుట్టూ వదలాల్సిన జాగా పోగా మిగిలిన దాంట్లో 8×8 అడుగులు మండువాకి ఇవ్వండి, 10×10 అయితే మరీ మంచిది. అంతకన్నా తగ్గిస్తే రెండంతస్తుల గోడల మధ్య బావిలా ఉంటుంది. మొదట ఈ ఖాళీ గీసి, దాని చుట్టూ గదులు సర్దమనండి. శ్రీలంక ఆర్కిటెక్ట్ జెఫ్రీ బావా 1960ల మొదట్లో కొలంబోలో ఎనా డి సిల్వాకి కట్టిన ఇల్లు ఇలాంటిదే. నగరంలో ఉన్న స్థలంలోనే, పాతకాలపు నడిమి వాకిలి చుట్టూ కొత్త తరహా ఇల్లు అల్లేశాడు.

ఇక నీళ్లు. ఇక్కడే అందరూ దెబ్బతింటారు. మండువా నేల ఆరంగుళాలైనా దిగువన ఉండాలి, వాలు తూము వైపు ఉండాలి. పైన చూరు రెండున్నర అడుగులు ముందుకొస్తే జల్లు వసారాలోకి అంతగా కొట్టదు. తూములు రెండు పెట్టించండి, నాలుగంగుళాల పైపుతో, పైన జాలీతో. మా మేస్త్రీ ఒకటి చాలన్నాడు, నమ్మాం. మొదటి శ్రావణంలోనే వేపాకులు అడ్డుపడి నీళ్లు హాల్లోకొచ్చాయి. అర్ధరాత్రి గొడుగేసుకుని చీపురుపుల్లలతో పొడుస్తూ కూర్చున్నాం.

కోతులు, దొంగల టెన్షన్ ఉంటుంది కాబట్టి పైన ఇనుప గ్రిల్ తప్పదు. పాలికార్బనేట్ షీటు మాత్రం బిగించి మూసేయకండి. వేడిగాలి పైకి పోయే దారి లేక ఏప్రిల్ నాటికి ఇల్లు పొయ్యిలా తయారవుతుంది. వేయక తప్పదంటే అడుగున్నర ఎత్తులో నిలబెట్టి చుట్టూ మెష్ వదలండి. కింద వీధి వైపు, పెరటి వైపు కిటికీలు ఎదురెదురుగా ఉంటేనే గాలి ఆడుతుంది.

స్తంభాలకి పాత కలప దొరికితే తీసుకోండి. చెద తిన్నదేమో సుత్తితో కొట్టి చూడండి, బోలు చప్పుడొస్తే వద్దు. అడుగున రాతి దిమ్మ ఉంటే చెమ్మ ఎక్కదు. నేలకి తాండూరు బండో బేతంచర్ల బండో చాలు. మెరిసే టైల్స్ తడిస్తే కాలు జారుతుంది. మండువా పక్కనే గ్రీకు స్తంభాలు, నీలం లైట్ల ఫాల్స్ సీలింగ్ పెట్టేవాళ్లూ ఉన్నారు. నేనైతే ఆ డబ్బు కిటికీలకి పెడతాను.

ఇంకా మనసుంటే ప్రహరీని రెండడుగులు వెనక్కి జరిపి గేటు బయట ఒక అరుగు కట్టించండి, అడుగున్నర ఎత్తుంటే కూర్చోడానికి బాగుంటుంది. మీ హద్దులోనే సుమా, రోడ్డు మీదికొస్తే మునిసిపాలిటీ వాళ్లు పగలగొట్టి పోతారు.