కారు జారినప్పుడు ఈఎస్‌సీ ఏం చేస్తది, ఆ టైంలో మనం ఏం చేయాలి?

వరి కోతల టైంలో నల్గొండ, మిర్యాలగూడ, నాగర్‌కర్నూల్ దిక్కు ఊర్ల రోడ్ల మీద కారు నడిపేటోళ్లందరికీ ఇది తెలుసు, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టి ఉంటయి, ఎదురుగా ట్రాక్టర్ వస్తే మన ఎడమ చక్రాలు వడ్ల మీదికి ఎక్కక తప్పదు. ఎడమ చక్రాల కింద వడ్లు, కుడి చక్రాల కింద తారు, అప్పుడే గట్టిగ బ్రేక్ తొక్కితే తారు మీదున్న చక్రాలకే పట్టు దొరుకుతది కాబట్టి కారు అటే, అంటే ట్రాక్టర్ వైపే గుంజుతది. ఇలాంటప్పుడు కారును మళ్లీ లైన్లోకి తెచ్చేదే ఈఎస్‌సీ, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. కాకపోతే అది మన స్టీరింగ్‌ను చూసే పని చేస్తది, మనం స్టీరింగ్ ఎటు తిప్పితే కారును అటు తీస్కపోవాలని చూస్తది. అందుకే అది ఎట్ల పనిచేస్తదో నడిపేటోళ్లకి తెలిసి ఉండాలి.

ముందు మీ కార్లో ఉందో లేదో చూస్కోండి

కీ ఆన్ చేయంగనే డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న కారు బొమ్మ, దాని కింద వంకర గీతలు రెండు ఉన్న లైటు వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోతే మీ కార్లో ఉన్నట్టే. పేరు ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, టయోటా వాళ్లు వీఎస్‌సీ అంటరు, హోండా వాళ్లు వీఎస్ఏ, బీఎండబ్ల్యూ వాళ్లు డీఎస్‌సీ, కొందరు ఈఎస్‌పీ అంటరు, పని మాత్రం ఒకటే. ఏబీఎస్, అంటే గట్టిగ బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకపోకుండ చూసేది, ఉంది కదా అని ఇది కూడా ఉందనుకోవద్దు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ కంపల్సరీ అయింది, ఈఎస్‌సీ మాత్రం చాలా మోడల్స్‌లో పై వేరియంట్లకే ఇచ్చేటోళ్లు. 2023 అక్టోబర్‌లో కార్లను గుద్ది చూసి సేఫ్టీ స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ మొదలైనంక 3 స్టార్లు, ఆపైన రావాలంటే ఈఎస్‌సీ ఉండాలన్నరు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మోడల్ పేరొక్కటే కాదు, వేరియంట్ కూడా అడిగి, ఆ లైటు వెలిగి ఆరుతుందో లేదో మీరే కూర్చొని చూడండి.

ఇప్పుడు అది చేసే పని

స్టీరింగ్ దగ్గర ఒక సెన్సార్ ఉంటది, మీరు ఎంత తిప్పిండ్రో చెప్తది. ప్రతి చక్రం దగ్గర ఒక స్పీడ్ సెన్సార్. కారు మధ్యలో ఇంకోటి, కారు నిజంగ ఎంత తిరుగుతుంది, పక్కకి ఎంత తోసుకపోతుంది అని కొలుస్తది. బాష్, మెర్సిడెస్ కలిసి 1995లో ఎస్ క్లాస్ కార్లో తెచ్చినప్పటి నుంచి అసలు సూత్రం ఇదే: డ్రైవర్ పోవాలనుకున్నది ఎటు, కారు పోతున్నది ఎటు. ఈ రెండిటినీ సెకనుకు 25 సార్లు పోల్చి చూస్తదని బాష్ వాళ్లు చెప్తరు. తేడా వస్తే మీరు బ్రేక్ తొక్కకపోయినా అదే ఏదో ఒక చక్రానికి బ్రేక్ వేస్తది, ఇంజిన్ పవర్ తగ్గిస్తది.

ఏ చక్రానికి అనేదే అసలు విషయం. శ్రీశైలం పోయే రోడ్డులో దోమలపెంట దాటినంక డ్యామ్ వైపు దిగే ఘాట్ తీసుకోండి. ఎడమ మలుపు, వాన పడ్డది, స్పీడ్ ఎక్కువైంది, స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు జారి కారు సీదా పోతుంది. అప్పుడు ఎడమ వెనక చక్రానికి బ్రేక్ పడుతది, ముక్కు లోపలికి తిరుగుతది. అదే మలుపులో వెనక భాగం కుడివైపు విసిరినట్టు జారితే కుడి ముందు చక్రానికి బ్రేక్ వేస్తది, కారు గిర్రున తిరగకుండ ఆగుతది. ఎడ్లబండి తోలినోళ్లకి ఇది వెంటనే అర్థమైతది, దాపటి (ఎడమ) ఎద్దును గుంజి పట్టి వెలపటి (కుడి) ఎద్దును నడిపిస్తే బండి దాపటికే తిరుగుతది కదా.

జారినప్పుడు మీరు చేయాల్సింది

మీరు పోవాల్సిన దారి వైపు చూడండి, స్టీరింగ్ అటే తిప్పి పట్టుకోండి. ఎదురొచ్చే లారీని, గుంతను, చెట్టును చూస్తా ఉంటే చేతులు కూడా అటే పోతయి, కంప్యూటర్‌కేమో మీరు అటే పోవాలనుకుంటున్నరని అర్థమైతది. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీయండి. ఆగాల్సి వస్తే బ్రేక్ గట్టిగ తొక్కి అట్లనే పట్టండి, పెడల్ కాలి కింద దడదడలాడుతది, గర్రుమని సౌండ్ వస్తది, డ్యాష్‌బోర్డు మీద లైటు టపటపా కొట్టుకుంటది. ఏదో విరిగిందని భయపడి చాలామంది ఇక్కడే కాలు తీసేస్తరు, తీయొద్దు, అది పని చేస్తున్నదని గుర్తు. హ్యాండ్‌బ్రేక్ మాత్రం అసలే గుంజొద్దు.

ఇంకో మాట, ఈఎస్‌సీ కొత్తగ పట్టు పుట్టించలేదు, టైర్ల కింద ఉన్న పట్టునే సరిగ్గ వాడుతది. 40 స్పీడ్‌లో తిరిగిన మలుపే 60లో తిరగాలంటే టైర్‌కి రెండింతలకు పైగా పట్టు కావాలి, అంత పట్టు తడి రోడ్డు మీద లేకుంటే ఏ సిస్టం ఉన్నా కారు రోడ్డు దిగుతది. అందుకే టైర్ మీది గాడులు చూస్కోండి, గాడి లోపల చిన్న చిన్న ఎత్తుగడ్డలు ఉంటయి, రబ్బరు అరిగి వాటితో సమానం అయిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందన్నట్టు, ఇంక మార్చాల్సిందే. నేనైతే వానాకాలం ముందు అంతదాక కూడా ఆగొద్దంట. హైవే మీద తొలకరి జల్లు పడ్డ మొదటి పది నిమిషాలు దుమ్ము, ఆయిల్ కలిసి రోడ్డు జిడ్డు జిడ్డుగ ఉంటది, ఎన్‌హెచ్ 65 అయినా 44 అయినా అప్పుడు స్పీడ్ తగ్గించడమే పని.

ఈఎస్‌సీకి ఆఫ్ బటన్ ఎందుకిచ్చిండ్రు అంటే, పొలం బాటలో బురదలో, ఇసుకలో చక్రం కూరుకపోయినప్పుడు సిస్టం పవర్ కట్ చేస్తే బండి బయటికి రాదు కాబట్టి. బయటికి రాంగనే మళ్లీ ఆన్ చేయండి.

లైటు ఆరకుండ వెలుగుతనే ఉంటే

ముందు ఆ ఆఫ్ బటన్ పొరపాటున నొక్కిండ్రేమో చూడండి. కాదంటే చక్రం దగ్గరి స్పీడ్ సెన్సార్‌కు బురద పట్టిందో వైరు తెగిందో, లేదా బ్యాటరీ వీకైందో. బ్యాటరీ తీసి పెట్టినంక వెలిగితే కొన్ని కార్లలో స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి తిప్పి, కొంచెం దూరం నడిపితే ఆరిపోతది. అలైన్‌మెంట్ చేయించినంక వెలిగితే మాత్రం స్టీరింగ్ యాంగిల్ సెన్సార్‌ను స్కానర్ పెట్టి మళ్లీ సెట్ చేయమని అడగండి, స్టీరింగ్ సీదా ఉన్నా తిరిగి ఉందని కంప్యూటర్ అనుకుంటే అది వేసే లెక్కంతా తప్పు లెక్కే. ఆ లైటు వెలుగుతున్నన్ని రోజులు మామూలు బ్రేకులు పనిచేస్తయి, జారితే పట్టుకునేది మాత్రం ఉండదు, కాబట్టి ఘాట్ రోడ్డు ప్రయాణం రిపేర్ అయ్యేదాక వాయిదా వేసుకోండి.