సి డ్రైవ్ నిండిందా? ముందు మీడియా క్యాష్ చూడండి

కడపలో మాఘమాసం వచ్చిందంటే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్ల కంప్యూటర్లకు ఊపిరాడదు. సి డ్రైవ్ గీత ఎర్రబడగానే కొత్త హార్డ్ డిస్క్ కొనడానికి పరుగెత్తకండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో ఎడిట్ మెనూ తెరిచి, ప్రిఫరెన్సెస్‌లో మీడియా క్యాష్‌కు (తాత్కాలిక ఫైళ్ల నిల్వకు) వెళ్లి డిలీట్ నొక్కండి. దేవుని కడప గుడిలో తీసిన అసలు వీడియోకు ఏమీ కాదు. పోయేవి వీడియో చకచకా ఆడటానికి సాఫ్ట్‌వేర్ తయారుచేసుకున్న తాత్కాలిక ఫైళ్లే. ప్రాజెక్టు తెరిస్తే అవి మళ్లీ పుడతాయి, మొదట్లో కాస్త నెమ్మదిస్తుంది. అందుకే పెళ్లివారికి వీడియో అప్పగించాకే నేను ఈ పని చేస్తాను. క్యాష్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చే వీలూ అక్కడే ఉంది. డావిన్చి రిజాల్వ్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనైతే ప్లేబ్యాక్ మెనూలో ‘డిలీట్ రెండర్ క్యాష్’ చూడండి.