సర్క్యూట్‌కు పెట్టె తయారుచేసే ముందు జాగ్రత్తలు

డ్రిల్లు అందుకునే ముందే బోర్డును, బ్యాటరీని దూరంగా పెట్టండి. రాలే లోహపు రజను కంటికి ఆనదు కానీ, రెండు పిన్నుల మధ్య చేరితే షార్ట్ చేస్తుంది.

– బోర్డు పొడవు వెడల్పులు అందరూ కొలుస్తారు. ప్లగ్గు గుచ్చాక ఎంత బయటికి పొడుచుకొస్తుందో, వైరు ఎక్కడ వంగుతుందో కొలిచేవారు తక్కువ. మూత పడకపోవడానికి చాలాసార్లు అదే కారణం. ముందు అట్టతో నమూనా చేసి చూడండి. ఎం3 స్క్రూకు (3 మిల్లీమీటర్ల మందం ఉన్నది) 3.2 మిల్లీమీటర్ల రంధ్రం చాలు.

– వై-ఫై బోర్డును పూర్తి లోహపు పెట్టెలో బిగిస్తే సిగ్నల్ అందదు. 3డీ ప్రింటర్లలో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. వేడెక్కే వోల్టేజ్ రెగ్యులేటర్‌ను (బోర్డుకు వెళ్లే వోల్టేజీని స్థిరంగా ఉంచే భాగం) దానికి ఆనించవద్దు. పీవీసీని లేజర్‌తో కోయనే కూడదు, హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది.

– లిథియం బ్యాటరీ వైపు స్క్రూ మొన రాకూడదు.

– ఇంటి కరెంటు నేరుగా లోపలికి వస్తుంటే లోహపు పెట్టెకు ఎర్త్ తప్పనిసరి. ఫ్యూజు ఉండాలి, వైరు దూరే రంధ్రానికి రబ్బరు గ్రామెట్ (అంచు వైరును కోయకుండా ఆపే రింగు) వేయాలి. ఈ పనికి కొత్తవారైతే ఇదంతా ఎందుకు, బయటి అడాప్టర్ వాడండి.

– కంటికి రక్షణ అద్దాలు. తిరిగే డ్రిల్లు దగ్గర చేతి తొడుగులు మాత్రం వద్దు, చుట్టుకుంటాయి.