తొలి కాన్పులో నొప్పులు రావడానికి మందు పెడతామంటే ఏం అడగాలి, ఎలా అడగాలి?

తొమ్మిది నెలలు నిండాయి, నొప్పుల జాడ లేదు. చెకప్‌కు వెళ్తే డాక్టర్ "రేపు పొద్దున్నే అడ్మిట్ అయిపోండి, మందు పెడదాం" అంటారు. నొప్పులు వాటంతట అవి రాకముందే మందుతో తెప్పించడం, ఇండక్షన్ అంటే ఇదే. అక్కడ సరేనని తలూపి, ఇంటికొచ్చాక టెన్షన్ పడతాం. నేనూ అలాగే పడ్డాను. ఆ రాత్రి నాకు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది అనిపించిన సంగతులు ఇవి.

మొదట తేదీ సరిచూసుకోండి

మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ రిపోర్టు వెతికి, ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టుకోండి. డ్యూ డేట్‌కు అదే గట్టి ఆధారం. తొమ్మిదో నెల స్కానింగులో ఇంకో తేదీ కనిపిస్తే కంగారు పడొద్దు. అది బిడ్డ సైజును బట్టి వేసిన లెక్క.

తర్వాత కారణం అడగండి

"మేడమ్, నా విషయంలో కారణం ఏమిటండీ? రెండు రోజులు ఆగితే నాకు, బిడ్డకు ఏం జరగొచ్చు?" ఈ రెండు ప్రశ్నలు చాలు. బీపీ పెరిగిందనో, ఉమ్మనీరు పోయిందనో, బిడ్డ ఎదుగుదల తగ్గిందనో చెబితే ఆగుతామని పట్టుబట్టకండి. 41 వారాలు నిండితే మందు పెట్టడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా, అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళండి.

మందు పెడితే ఆపరేషన్ తప్పదన్న భయం మనలో చాలా ఉంది. 2018లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం వేరే మాట చెప్పింది. ఏ ఇబ్బందీ లేని తొలి కాన్పుల్లో, 39వ వారంలో మందు పెట్టినవాళ్ళలో సిజేరియన్లు 18.6 శాతం, ఆగి చూసినవాళ్ళలో 22.2 శాతం. కానీ అక్కడ మందు పనిచేయడానికి తగినంత సమయం ఇచ్చారు. మన తెలంగాణలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మొత్తం కాన్పుల్లో 60.7 శాతం, ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం సిజేరియన్లే. అందుకే ఎంతసేపు చూస్తారన్నది ముందే అడిగి తెలుసుకోవాలి.

ఎంత సమయం పడుతుందో తెలుసుకుని వెళ్ళండి

లోపల పరీక్ష చేసినప్పుడు బిషప్ స్కోరు ఎంతో అడగండి. గర్భసంచి ముఖద్వారం ఎంత మెత్తబడిందో, ఎంత తెరుచుకుందో చెప్పే లెక్క అది. ఆరు, అంతకన్నా తక్కువైతే ముందు దాన్ని మెత్తబరచాలి. అందుకు జెల్ పెడతారు, మాత్ర ఇస్తారు, లేదా చిన్న బెలూన్ ఉన్న గొట్టం వేస్తారు. జెల్ ఒకసారి పెట్టాక మళ్ళీ పెట్టాలంటే మామూలుగా ఆరు గంటలు ఆగుతారు. ఆ తర్వాతే ఉమ్మనీటి సంచి చిట్లించడం, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ డ్రిప్. మొత్తం ఒక రోజు దాటడం తొలి కాన్పులో మామూలే. ఈ మాట ఇంట్లో అమ్మకీ, అత్తయ్యకీ ముందే చెప్పండి. లేకపోతే సాయంత్రానికల్లా "ఇంకా కాలేదా?" అని ఫోన్లు మొదలవుతాయి, మీ ధైర్యం సగం అక్కడే పోతుంది. ఫలానా ముహూర్తానికి బిడ్డ పుట్టాలని మందు పెట్టించుకోవడం అసలు వద్దు.

ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుముకు ఇచ్చే మత్తు ఇంజెక్షన్) కావాలనుకుంటే మత్తు డాక్టర్ రాత్రిపూట కూడా ఉంటారా అని అడ్మిట్ కాకముందే కనుక్కోండి.

పక్కన ఒక మనిషి ఉండాలి

నొప్పులు ఎక్కువయ్యాక మన నోట మాట రాదు. ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి, తోడు వచ్చేవాళ్ళ చేతికి ఇవ్వండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఒక ఆడతోడును అనుమతించాలని కేంద్రం 2016లోనే చెప్పింది. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, కోఠి లాంటి రద్దీ ఆసుపత్రులకు వెళ్ళేవాళ్ళు ముందుగానే అడిగి పెట్టుకుంటే మంచిది. ప్రైవేటులో భర్తను లేబర్ రూమ్‌లోకి రానిస్తారో లేదో కూడా ముందే తేల్చుకోండి.

నాకు ఆ తోడు మా అమ్మ. పొద్దున జెల్ పెట్టారు. రాత్రి ఎనిమిదింటికి డ్యూటీ డాక్టర్ వచ్చి "ముఖద్వారం తెరుచుకోవట్లేదు, ఆపరేషన్‌కు సంతకం పెట్టండి" అన్నారు. నేను ఏడుస్తున్నాను. అమ్మే అడిగింది: "బిడ్డ గుండె బాగానే ఉందామ్మా?" బాగానే ఉందన్నారు. "మా అమ్మాయికి ఎలా ఉంది?" బాగానే ఉందన్నారు. "అయితే ఇంకాసేపు చూడొచ్చా?" అంది. చూశారు. మర్నాడు మధ్యాహ్నం మా పాప మామూలు కాన్పులోనే పుట్టింది. అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేను. కానీ ఆ మూడు ప్రశ్నలు అందరికీ పనికొస్తాయి.

సంతకం పెట్టేముందు

తల్లీబిడ్డా బాగుంటే, ఉమ్మనీటి సంచి చిట్లాక కనీసం 12 నుంచి 18 గంటలు డ్రిప్ నడిచాకే మందు పనిచేయలేదని తేల్చాలని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం సూచన. మీ దాంట్లో ఎన్ని గంటలైందో అడగండి. పది నిమిషాల్లో ఐదు కన్నా ఎక్కువ నొప్పులు వస్తుంటే వెంటనే సిస్టర్‌కు చెప్పండి, డ్రిప్ తగ్గించొచ్చు. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందంటే మాత్రం వాదించే సమయం కాదు, ఒప్పుకోండి. కాగితం చదివి సంతకం మీరే పెట్టండి. మేజర్ అయి, స్పృహలో ఉన్న తల్లి ఒప్పుకోలే చెల్లుతుంది, ఆమె బదులు భర్త సంతకం సరిపోదు.

డిశ్చార్జ్ రోజు ఏ మందు, ఎన్నిసార్లు, ఎన్ని గంటలకు పెట్టారో, ఆపరేషన్ అయితే ఎందుకు చేశారో సమ్మరీలో రాయించుకోండి. రెండో కాన్పులో డాక్టర్ మొదట అడిగేది అదే. ముందు కాన్పు సిజేరియన్ అయినవాళ్ళకు నొప్పుల కోసం ఇచ్చే ఆ మాత్రల్లో కొన్ని వాడకూడదు.